కోనసీమ కాలవ గట్ల మీద నెమ్మది సైకిల్ యాత్ర: ఇప్పటిదాకా కుదిరిన సెట్టింగులు

రోజుకి 90 కిలోమీటర్ల లెక్కని 45కి దించాక బండిలో చాలా మార్చాల్సి వచ్చింది. వేగం కోసం అమర్చిన సైకిల్ నెమ్మదిగా తొక్కితే సుఖపెట్టదు. సన్న టైరు గట్టు మీద ఎగిరెగిరి పడుతుంది, కిందకి వంగిన హ్యాండిల్ వల్ల మెడ ఎత్తి చుట్టూ చూడ్డం కుదరదు. హ్యాండిల్‌ని సీటు ఎత్తుకి తెచ్చాకే పొలాలు కనిపించడం మొదలైంది.

దారి ఇది: రాజమండ్రి నుంచి ధవళేశ్వరం, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకులు, అక్కణ్ణించి గట్ల వెంబడి అమలాపురం. మెయిన్ రోడ్డున సుమారు 65 కిలోమీటర్లు. ఒక్క పూటలో అయిపోయే దూరమే అయినా రెండు రోజులు పెట్టుకుంటేనే దారి దక్కుతుంది.

టైర్లు: 40 ఎం.ఎం. వెడల్పు. మనిషి, బండి, సామాను కలిపి 95 కిలోలైతే గాలి వెనక 50, ముందు 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). అంతకు మించితే కంకర మీద మణికట్లు లాగుతాయి. వెనక 40కి తగ్గితే గుంటలో రిమ్ము ట్యూబుని నొక్కి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సన్న ప్రెస్టా వాల్వు ఉన్నవాళ్లు ఇత్తడి అడాప్టర్ జేబులో పెట్టుకోండి. పల్లెటూరి పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు.

సామాను 10 కిలోలు, క్యారియర్‌కి రెండు పక్కలా సమానంగా. మడమ సంచికి తగులుతుంటే సంచిని వెనక్కి జరపండి. బరువంతా వెనకే ఉంటుంది కాబట్టి తెగితే వెనక చక్రం స్పోకులే తెగుతాయి, అదీ ఎక్కువగా గేర్ల వైపు. ఆ వైపుది మార్చాలంటే క్యాసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) విప్పాలి. ఆ పనిముట్టు దారిలో దొరకదు, అందుకని బయల్దేరే ముందే స్పోకులన్నీ వేలితో మీటి, వదులుగా మోగేదాన్ని బిగించుకోవాలి.

మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య కనీసం 10 ఎం.ఎం. ఖాళీ ఉంచాలి. వాన పడితే గట్టు మట్టి బంకలా పట్టేసి చక్రాన్ని ఆపేస్తుంది. తీయడానికి పుల్ల ముక్క చాలు, నీళ్లు పోస్తే ఇంకా జారుడవుతుంది.

ఆగడానికీ ఏర్పాటు కావాలి. మెత్తటి మట్టిలో స్టాండు దిగబడి బండి పడిపోతుంది, కింద చదునైన ప్లాస్టిక్ మూత ఒకటి వేయండి. ముందు బ్రేకు లివర్‌ని రబ్బరు బ్యాండుతో నొక్కి కట్టేస్తే బండి దొర్లదు. ఇంత చిన్న ఏర్పాటుతోనే లొల్ల దగ్గర గంటసేపు నిశ్చింతగా కూర్చోవచ్చు. మధ్య డెల్టా ప్రధాన కాలవ పాయలుగా చీలేది అక్కడే. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట నీళ్లని ఎలా పంచిందో చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదు. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు, నిండుగా చూడాలంటే ఆగస్టు తర్వాత రండి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడమే కాదు, తీయడం చూడండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ మీద అలా ఒక్కసారి లాగుతారు. ఆవిరి లేచేలోపే రేకు అంచులు పైకి లేస్తాయి. కొన్న పెట్టెని సంచిలో అన్నిటికంటే పైన పెట్టాలి, కింద పెడితే సాయంత్రానికి పొడే మిగులుతుంది.

వేళలు: ఉదయం 5:30కి మొదలు, 10కి ఆపు. గంటకి అర లీటరు నీళ్లు, ఎండ ముదిరితే ముప్పావు, రోజుకో ఓఆర్ఎస్ పొట్లం. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది, కాబట్టి సముద్రం వైపు పొద్దున్నే వెళ్లి సాయంత్రం వెనక్కి తిరిగితే గాలే తోస్తుంది.

తర్వాతి మెట్టు అంతర్వేది, సఖినేటిపల్లి నుంచి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద నరసాపురం. గోదావరి వరదలో పంటు ఆపేస్తారు, ముందే కనుక్కోవాలి.