ప్లేస్కూల్ పిల్లలతోని ఈస్టర్

హన్మకొండల మా ప్లేస్కూల్‌కి వచ్చేటోళ్లంత మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు, వాళ్లకి ఈస్టర్ గురించి ఏం చెప్పాలె అని కొత్త టీచర్లు అడుగుతుంటరు. నేనైతే సిలువ దగ్గర ఎక్కువ సేపు ఆగను, యేసు చనిపోయిండు, మూడోనాడు మళ్ల లేచిండు, అందుకే ఆయన్ని నమ్మినోళ్లకి ఇది సంతోషం పండుగ, అంతే. మేకులు, రక్తం ఈ వయసుకి వద్దే వద్దు.

గుడ్లకి రంగులేసుడంటే మాత్రం పిల్లలకి పానం. వెనుకట యూరప్‌ల ఈస్టర్ ముందటి నలభై రోజుల ఉపవాసంల గుడ్లు తినకపోయేది, పండుగనాడే తినేది, అట్ల గుడ్డు పండుగల కలిసింది. రంగులకి వంటింట్లయే చాలు, ఉల్లిపొట్టు ఉడకబెడితే ఇటుక రంగు, బీట్‌రూట్‌తోని గులాబి, ఇగ పసుపు ఉండనే ఉన్నది, జెర వెనిగర్ పోస్తే రంగు మంచిగ పడుతది. పండుగ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్యల వస్తది, అంటే మనకి ఎండలు, ఉడికిన గుడ్లు గంటకు మించి బయట ఉంచకుండ్రి. గుడ్డు పడనోళ్లు, తినని ఇండ్ల పిల్లలు ఉంటరు గద, వాళ్లకి కాగితం గుడ్లు. గుండ్రటి చిన్న చాక్లెట్లు అసలే వద్దు, గొంతుల అడ్డం పడుతయి.

నాకు అన్నిట్లకంటే ఇష్టం పెసర్లు. సోమవారం తడి దూదిల పెడితే బుధవారానికల్ల మొలకలొస్తయి, పిల్లలు పొద్దుగాల రాంగనే ఉరికొచ్చి చూస్తరు, కొత్త జీవం అంటే ఏందో ఇంకేం చెప్పనక్కర్లేదు.

కాజీపేట ఫాతిమానగర్ దిక్కు చర్చికి పోయే పిల్లలుంటే వాళ్లింట్ల పండుగ ఎట్ల చేస్తరో వాళ్లతోనే చెప్పియ్యాలె. ప్రార్థన మాత్రం ఎవ్వరితోని చేయించం, బతుకమ్మకైన రంజాన్‌కైన మాది ఇదే పద్ధతి.