అనంతపురం లారీకి హీటర్ ఎందుకంటే

లారీ హీటర్ రిపేరు చేసుకుంటున్నానంటే మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి మరీ అడిగారు, ఎందుకని. మే నెలలో స్టీరింగ్ పట్టుకుంటే చేతులు కాలే ఊరు కదా మనది. కానీ మన చీనీకాయలు (బత్తాయిలు) కొనేవాళ్లు ఢిల్లీలో ఉన్నారు. లోడ్ ఎక్కించుకుని 44వ నంబరు హైవే పడితే గుత్తి, డోన్, కర్నూలు, హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా... 1,900 కిలోమీటర్ల పైమాటే. చలికాలంలో ఝాన్సీ దాటితే మనకు తెలిసిన చలి కాదది.

నాది 2007 మోడల్, ఆరు చక్రాల బండి. మొదటి ఓనరు ఉత్తరాదికే ఎక్కువగా తిప్పేవాడు, అందుకని హీటర్ పెట్టించుకున్నాడు. నా చేతికి వచ్చేసరికే అది పని చేయట్లేదు. నేనూ పట్టించుకోలేదు.

పోయిన జనవరిలో గ్వాలియర్ దాటి మొరేనా వైపు పోతున్నాం. తెల్లవారుజామున నాలుగు. బయట పొగమంచు ఉంటే స్పీడ్ తగ్గించుకుని పోతాం, అది అలవాటే. కానీ ఆ రోజు అద్దం లోపలి వైపు కూడా ఆవిరి పట్టేసింది. మా ఇద్దరి ఊపిరే అది. క్లీనర్ కుర్రాడు టవల్‌తో తుడుస్తాడు, రెండు నిమిషాల్లో మళ్లీ తెల్లగా అయిపోతుంది. సబ్బు రుద్ది తుడిస్తే కాసేపు ఆగింది గానీ, ఎదురు లైటు పడితే అద్దమంతా మసక. ఒకసారి వాడు టవల్ పక్కకు లాగగానే ముందు ఇటుకల ట్రాలీ, వెనక లైటు లేదు. బ్రేక్ మీద నిలబడ్డాను. ఆగేసరికి ట్రాలీ డోరు గొళ్లెం కనిపించేంత దగ్గరలో ఉన్నాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అన్నా, ఇంటికి పోయినాక ఆ హీటర్ సంగతి చూద్దామన్నా" అన్నాడు.

షాపులో అడిగితే సెట్టంతా మార్చాలి, పన్నెండు వేలు అవుతుందన్నారు. ముందు మనమే విప్పి చూద్దామని ఇద్దరం ఇంటి ముందు ఖాళీ సైటులో కూర్చున్నాం.

హీటర్ అంటే పెద్ద విషయమేమీ లేదు. ఇంజన్‌లో వేడెక్కిన నీళ్లు ఒక పైపులో వచ్చి, క్యాబిన్‌లో ఉన్న చిన్న రేడియేటర్‌లో తిరిగి, ఇంకో పైపులో వెనక్కి పోతాయి. దాని వెనక ఫ్యాను. ఆ వేడి గాలి అద్దానికి తగిలితే ఆవిరి పట్టదు. ఇంజన్ బాగా వేడెక్కాక ఆ రెండు పైపుల మీద చెయ్యి పెట్టి చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. రెండూ వేడిగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టు, గోల ఫ్యాను దగ్గర. ఒకటి వేడి, ఒకటి చల్లగా ఉంటే లోపల మూసుకుపోయినట్టో, ట్యాపు కట్టేసి ఉన్నట్టో.

మా బండిలో అసలు పైపులే లేవు. ఎప్పుడో ఎవరో రెండూ కోసేసి, ఇంజన్ దగ్గరే ఒకదానికొకటి కలిపేశారు. ఎందుకు చేశారో నాకు తెలుసు. హీటర్ ట్యాపు బిగుసుకుపోయి మూతపడకపోతే ఎండాకాలంలో క్యాబిన్ పొయ్యి అవుతుంది. ట్యాపు బాగుచేయడం కంటే పైపు కోయడం తేలిక. ఆ ట్యాపును మేం కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి, అటూ ఇటూ తిప్పుతూ ఉంటే వదిలింది. ఇప్పుడు వేసవిలో కట్టేస్తాను. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మరీ వేడెక్కితే మాత్రం తెరిచి ఫ్యాను వేస్తాను, కొంత వేడిని అది లాగేస్తుంది.

అసలు పని ఆ చిన్న రేడియేటర్ దగ్గర పడింది. పైపు పెట్టి ఊదితే గాలి సన్నగా పోతోంది. లోపల తెల్లటి గార. నీళ్లు కాగబెట్టే రాడ్డుకు మన బోరు నీళ్లతో పొర కడుతుందే, అదే. ఇన్నేళ్లూ కూలెంట్ (ఇంజన్ చల్లబరచడానికి పోసే ద్రవం) బదులు దారిలో దొరికిన బోరు నీళ్లు పోస్తే ఇంకేమవుతుంది? కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు తెచ్చి, లీటరు గోరువెచ్చటి నీళ్లకు 50 గ్రాముల లెక్కన కలిపి పోశాం. నురగ వచ్చింది. అరగంట ఉంచి, మామూలు నీళ్ల పైపుతో ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి కడిగాం. మొదటిసారి ఇటుక రంగు నీళ్లు, వాటితో పాటు గోరంత గోరంత పెచ్చులు. నాలుగోసారికి తేటగా వచ్చాయి. సర్వీసింగ్ ప్రెషర్ పైపు మాత్రం పెట్టొద్దు, పాత ట్యూబులు పగిలిపోతాయి. యాసిడ్ అసలే వద్దు. తర్వాత పంక్చర్ షాపులో ట్యూబు చూసినట్టే బకెట్ నీళ్లలో ముంచి, ఒక వైపు బొటనవేలితో మూసి, రెండో వైపు నుంచి ఊదాం. బుడగ రాలేదు. వచ్చి ఉంటే కొత్తది కొనేవాణ్ణి. అది కారితే అద్దం మీద జిగట పొర పడుతుంది, క్యాబిన్‌లో తీపి వాసన వస్తుంది. ఆ కూలెంట్ ఒంటికి మంచిది కాదు.

ఫ్యాను డబ్బాలో ఎలుక గూడు ఉంది. కాగితం ముక్కలు, చెనక్కాయ పొట్టు, చీనీ ఆకులు. తీసేసి, ఫ్యూజు మారిస్తే తిరిగింది.

అన్నీ బిగించినా గాలి గోరువెచ్చగానే వస్తోంది. అప్పుడు అనుమానం వచ్చి చూస్తే థర్మోస్టాట్ వాల్వు లేదు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను ముందున్న పెద్ద రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేది అదే. మన వైపు చాలామంది దాన్ని తీయించేస్తారు, ఇంజన్ చల్లగా ఉంటుందని. అది తీస్తే ఇంజన్ త్వరగా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, హీటర్‌కు వేడే అందదు. కొత్తది తెచ్చాను. బిగించే ముందు పరీక్ష చేయాలి కదా, మా ఆవిడ రసం గిన్నె ఇచ్చింది. వాల్వును దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి స్టవ్ వెలిగించాం. వాల్వు మీద 82 అని కొట్టి ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. గిన్నె అడుగున సన్న బుడగలు లేచాయి, నీళ్లింకా తెర్లలేదు. అప్పుడు మధ్యలో ఉన్న ఇత్తడి బిళ్ల నెమ్మదిగా కిందికి జారి, చుట్టూ సన్నటి సందు వచ్చింది. మా ఆవిడ గరిటె పట్టుకునే వంగి చూసి, "ఇంతదా ఇంత పెద్ద ఇంజన్‌ను కాపాడేది!" అంది. స్టవ్ ఆపితే మళ్లీ మూసుకుంది.

చివర్లో పైపుల్లో చిక్కుకున్న గాలి తీయడం. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, హీటర్ ట్యాపు తెరిచి స్టార్ట్ చేయాలి. బుడగలు ఆగేదాకా నింపుతూ పోవాలి. వేడి మీద మూత తీయొద్దు, మొహం మీదికి చిమ్ముతుంది. ఈసారి కూలెంట్, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాను. కూలెంట్ ఖర్చు వదిలేస్తే పైపులు, క్లిప్పులు, వాల్వు, నిమ్మ ఉప్పు, ఫ్యూజు అన్నీ కలిపి 1,350 రూపాయలు.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ రోడ్డు మీద పాత బండ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటిలో పడుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఒక్కటి చెప్పాలి. హీటర్ లేదని క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ పెట్టుకుని అద్దాలు మూసి పడుకోవద్దన్నా. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంకో దుప్పటి కొనుక్కోండి. నిలబెట్టిన బండి ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకోవడం కూడా వద్దు.

రిపేరయ్యాక డిసెంబరులో మళ్లీ అదే దారిలో పోయాం. మొరేనా దగ్గర అదే మంచు, అదే చలి. అద్దం కింది నుంచి మొదలై పైదాకా తేటగానే ఉంది. కుర్రాడు టవల్ మెడకు చుట్టుకుని నిద్రపోయాడు. ఫ్యాను ఫుల్ స్పీడ్ మీద మాత్రమే తిరుగుతోంది, తక్కువ స్పీడ్‌లో ఆగిపోతోంది. అంటే ఫ్యాను స్పీడ్ తగ్గించే రెసిస్టర్ పోయింది. ఈ ఆదివారం అది మార్చాలి.