పి0301 వచ్చిందని కాయిల్ కొనేయకండి

ఉదయగిరిలోనో కనిగిరిలోనో ఉన్నవాళ్లకు చెక్ ఇంజిన్ లైటు వెలిగితే నెల్లూరో ఒంగోలో షోరూం సర్వీసుకు వెళ్లి రావడానికే ఒక రోజు పోతుంది. ఎందుకు వెలిగిందో తెలుసుకోవడం వరకైతే ఆ ప్రయాణం అక్కర్లేదు. లైటు వెలిగినప్పుడు కారు కంప్యూటర్ పి0301 లాంటి ఒక ఫాల్ట్ కోడ్ (ఏం తేడా చేసిందో చెప్పే గుర్తు) దాచుకుంటుంది. దాన్ని చదవడానికి అగ్గిపెట్టెంత బ్లూటూత్ స్కానర్, చేతిలో ఫోను ఉంటే చాలు.

మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో ఓబీడీ-2 సాకెట్ (స్కానర్ గుచ్చే చోటు) ఉంటుంది. 16 పిన్నులు, ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. స్టీరింగ్ కింద కుడి మోకాలు తగిలే చోటో, ఫ్యూజు బాక్సు పక్కనో చూడండి. 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తుంటుంది కాబట్టి తాళం తిప్పకపోయినా స్కానర్ లైటు వెలగాలి. వెలగకపోతే ముందు ఫ్యూజు చూడండి.

స్కానర్ కొనేటప్పుడు ఒక చిక్కుంది. ఇలాంటి స్కానర్లలో వాడే చిప్ పేరు ఈఎల్ఎం 327, బజారులో దొరికేవి దాదాపు అన్నీ దాని నకిలీలే. వెర్షన్ 2.1 అని రాసి అమ్మేవి చాలావరకు సగం కమాండ్లు ఎగ్గొడతాయి, 1.5 అనేవి వాటికంటే మేలు. తమాషా ఏంటంటే అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ తయారు చేయనే లేదు. ఐఫోన్ అయితే మామూలు బ్లూటూత్ రకం పనిచేయదు, వైఫైదో బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) దో తీసుకోండి.

తాళం ఆన్‌లో పెట్టండి, సెల్ఫ్ కొట్టొద్దు. ఫోను బ్లూటూత్‌లో జత చేసేటప్పుడు 1234 గానీ 0000 గానీ అడుగుతుంది. తర్వాత కార్ స్కానర్ లాంటి యాప్‌లో ఆ పరికరాన్ని ఎంచుకుని ఫాల్ట్ కోడ్లు చదవమనండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల సంగతి ఇలాంటి మామూలు యాప్‌లు చాలా బళ్లలో చెప్పలేవు.

కోడ్ కనబడగానే చాలామంది చేసే తప్పు చెరిపేయడం. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడ్ ఎంత అన్నది ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది. చెరిపితే అదీ పోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. బండి వారంటీలో ఉంటే అసలు చెరపనే వద్దు, అలాగే తీసుకెళ్లి చూపించండి.

ఇక పి0301. అంటే 1వ సిలిండర్లో మిస్సింగ్, పెట్రోలు సరిగా మండడం లేదు. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ కావచ్చు, ప్లగ్గు కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ కావచ్చు. ఏదన్నది కోడ్ చెప్పదు. ప్రతి ప్లగ్గుకూ విడి కాయిల్ ఉన్న పెట్రోల్ బండిలో పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఇంజిన్ చల్లారాక 1వ కాయిల్ కప్లర్ (వైర్ల జాయింటు) లాక్ నొక్కి ఊడదీయండి. బోల్టు విప్పి కాయిల్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. అడుగున రబ్బరు తడిగా ఉంటే గుంటలోకి నీళ్లో ఆయిలో దిగినట్టే, మిస్సింగ్‌కు అదే కారణం కావచ్చు. పొడిగా ఉంటే 1వ కాయిల్‌ని 2లో, 2వ దాన్ని 1లో వేసి, కోడ్ చెరిపి, ఐదారు కిలోమీటర్లు నడపండి. ఇప్పుడు పి0302 వస్తే దోషం కాయిల్‌తో పాటు నడిచింది, ఆ ఒక్కటే కొనండి. మళ్లీ పి0301 వస్తే ప్లగ్గుల్ని అలాగే మార్చి చూడండి. అప్పటికీ 1లోనే ఉంటే ఇంజెక్టరో కంప్రెషనో, అది మెకానిక్ పని. లైటు మినుకు మినుకుమంటుంటే మాత్రం ఈ పరీక్షలకు కూడా బండి తిప్పొద్దు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కాల్చేస్తుంది. దాని ధర ముందు కాయిల్ ధర ఏపాటి?

మన వైపు ఎక్కువగా తగిలే ఇంకో రకం ఎలుకల కోడ్లు. వరి కోతలయ్యాక ఎలుకలు పొలాల్లోంచి ఊళ్లోకొచ్చి, రాత్రి వెచ్చగా ఉన్న ఇంజిన్ మీద కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. పొద్దున పి0113 వస్తుంది. యాప్‌లో లైవ్ డేటా (సెన్సర్లు అప్పుడు చెప్పే అంకెలు) తెరిస్తే నెల్లూరు మే ఎండలో లోపలికెళ్లే గాలి మైనస్ 40 డిగ్రీలని చూపిస్తుంటుంది. సెన్సర్ వైరు తెగితే వచ్చే అంకె అది. ఒక్క రాత్రిలో నాలుగైదు కోడ్లు కలిసి పడితే నాలుగైదు సెన్సర్లు పోయినట్టు కాదు, ఒకే చోట వైరింగ్ తెగి ఉంటుంది. సముద్రం పక్క ఊళ్లలోనైతే కప్లర్ విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో కూడా చూడాలి.

పి0171 అంటే పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువైంది. లైవ్ డేటాలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, మామూలు కంటే పెట్రోలు ఎంత శాతం ఎక్కువ తక్కువ పోస్తోందో చెప్పే అంకె అది. ఐడిల్‌లో +20 ఉండి, 2500 ఆర్‌పీఎంకి +5కి దిగితే ఎక్కడో గొట్టం పగిలి గాలి పీలుస్తోంది. లోడ్ పెరిగేకొద్దీ అదీ పెరిగితే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, లేదా మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ని అనుమానించండి. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బళ్లకు ఫిల్టర్ పెట్టె అంచు సరిగా కూర్చోకపోతే ఈ సెన్సర్ త్వరగా మసకేస్తుంది. దానికోసమే అమ్మే స్ప్రేతో కడగాలి, కార్బొరేటర్ క్లీనర్‌తో కాదు. అన్నట్టు, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పోసిన పాత బండిలో ట్రిమ్ +5, +8 దాకా ఉంటే జబ్బేమీ కాదు. ఇథనాల్ వల్ల ఇంజెక్టర్ ఆ మేరకు ఎక్కువ పోయాల్సి వస్తుంది.

డీజిల్ బీఎస్6 బళ్లలో పి2463 అంటే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి పేరుకుంది. ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజుకు మూడు కిలోమీటర్లు తిరిగే బండికి ఇది రాక తప్పదు. హెచ్చరిక కొత్తగా వచ్చి, పికప్ బాగానే ఉంటే ఎన్‌హెచ్-16 మీద కావలి వైపు 20, 25 నిమిషాలు ఆపకుండా, 2000 ఆర్‌పీఎం పైనే ఉండేలా గేరు వేసి నడిపితే మసి కాలిపోవచ్చు. పికప్ పడిపోయి ఉంటే అలా నడపొద్దు, వర్క్‌షాపులో రీజెనరేషన్ (మసి కాల్చడం) చేయించాలి. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. మట్టం పై గీత దాటి ఉంటే సగంలో ఆగిన రీజెనరేషన్ల డీజిల్ ఆయిల్లో కలిసింది, ఆయిల్ మార్చాల్సిందే.

పని అయ్యాక కోడ్ చెరిపి, రెండు మూడు రోజులు మామూలుగా తిరిగి, పెండింగ్ కోడ్లు (ఇంకా లైటు వెలిగించని కోడ్లు) ఒకసారి చూడండి. ఏమీ లేకపోతే స్కానర్ పీకి డాష్‌బోర్డు అరలో వేసుకోండి. సాకెట్లోనే వదిలేస్తే, వారాల తరబడి కదలని బండికి బ్యాటరీ దిగిపోతుంది.