పావలా బరువు

రాత్రి పదకొండున్నర. అందరూ పడుకున్నారు. పొద్దున షాపులో విన్న మాట మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు.

మా ఇంట్లో అన్నయ్య ఇచ్చి వెళ్ళిన టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయర్, ఒకటి ఉంది. ముల్లుని రికార్డు మీద మోసే చేయి, టోన్ ఆర్మ్, ఎస్.ఎం.ఇ. ఫైవ్. దాని కొసన ముల్లు ఉండే చిన్న పెట్టె కార్ట్రిడ్జ్; ఇన్నాళ్ళూ ఆర్టోఫాన్ 2ఎం బ్లూ కార్ట్రిడ్జ్‌తో వింటున్నాను. పండగ ముందు దుమ్ము దులుపుతున్నప్పుడు దాని ముల్లు వంగిపోయింది. ఎవరి చేయి తగిలిందో నేను అడగలేదు, అడగను కూడా. అదే ముల్లు మళ్ళీ కొనేకంటే, ఎప్పటినుంచో అనుకుంటున్న డెనాన్ డీఎల్-103 తీసుకుందామా అని షాపుకి వెళ్ళాం.

నేను అడిగింది ఒక్కటే. ఈ కార్ట్రిడ్జ్ కంప్లయన్స్, అంటే ముల్లు మెత్తదనం, 5 అని రాస్తున్నారు కదా, ఆ అంకె ఎన్ని హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని ఊపులు) దగ్గర కొలిచింది అని. షాపతను నా వైపు చూడనే లేదు. మా ఆయనతో, "అవన్నీ పట్టించుకోకండి సార్, బడ్జెట్ చెప్పండి. ఏదైనా పడుతుంది" అన్నాడు. మా ఆయన "ఆవిణ్ణే అడగండి, నాకు తెలీదు" అన్నారు. అయినా రెండోసారి కూడా ఆయనకే చెప్పాడు. మూడోసారి నేను అడగలేదు. బ్యాగు తీసుకుని వచ్చేశాను. దారి పొడుగునా నేను నోరు విప్పలేదు, మా ఆయనా కదిలించలేదు.

ఏదైనా పడుతుందట! పడుతుంది, ఎందుకు పడదు? స్క్రూల మధ్య దూరం దాదాపు అన్నిటికీ అర అంగుళమే. పడటం వేరు, కుదరడం వేరు. చెప్పుల షాపులో కూడా పాదం చూడకుండా చెప్పు ఇవ్వరు కదా.

ముల్లు కడ్డీని పట్టుకునేది ఒక చిన్న రబ్బరు ముక్క. అది ఎంత మెత్తగా సాగుతుందో చెప్పేదే కంప్లయన్స్. ఆ రబ్బరు మీద ఆర్మ్, కార్ట్రిడ్జ్ రెండూ కలిసి ఊగుతాయి. ఉయ్యాలకి ఉన్నట్టే ఆ జంటకీ తనదైన ఒక ఊపు ఉంటుంది. సెకనుకి 8 నుంచి 12 సార్లు ఊగితే మంచిది. అంతకంటే బాగా తగ్గితే వంకర రికార్డు ఎత్తుపల్లాలు ఆర్మ్‌ని ఊపేస్తాయి, స్పీకర్ పొర ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. మరీ పెరిగితే 20 దగ్గర మొదలయ్యే పాట కింది స్వరాల్లోకి చొరబడుతుంది. లెక్క కష్టమేమీ కాదు. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు ముల్లుకి తెలిసే ఆర్మ్ బరువు), కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూలు కలపాలి. దాన్ని కంప్లయన్స్‌తో గుణించి వర్గమూలం తీయాలి. 159ని దానితో భాగించాలి, అంతే.

మా ఆర్మ్ 10.5, డీఎల్-103 8.5, స్క్రూలకి 1 వేసుకుంటే 20 గ్రాములు. ఇరవై అయిదులు వంద, వర్గమూలం పది. అంటే 15.9 హెర్ట్జ్. ఈ ఒక్క అంకె చూసి రెండు నెలలుగా దాన్ని పక్కన పెట్టేశాను. బ్లూకి అయితే 7.2 గ్రాములు, కంప్లయన్స్ 20, లెక్క 8.2 దగ్గర తేలుతుంది. నాన్న రికార్డులకి అదీ తక్కువే అనిపించేది. వాటిలో సగం వంకరవి.

ఆ రికార్డుల వంకరకి కారణం తెనాలి ఇంటి అటక. పెంకుటిల్లు, మే నెల ఎండలు, అట్ట కవర్లలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన రికార్డులు. ఘంటసాల పద్యాల రికార్డు అంచు అప్పడంలా లేచిపోయింది. పెట్టె ప్లేయర్ మీద పెడితే ప్రతి చుట్టుకీ ముల్లు ఎగిరి పక్క గాడిలో పడేది. నాన్న జేబులోంచి పావలా తీసి, అన్నం మెతుకుతో ముల్లు తల మీద అంటించేవారు. ఇంక ఎగిరేది కాదు. నాకు ఆ పావలా అంటే మహా గొప్ప. పాట అయ్యాక దాన్ని గోటితో ఊడదీసి నాన్నకి తిరిగి ఇచ్చే పని నాదే. అమ్మ వంటింట్లోంచి "ఆ డబ్బు ఎంగిలి చేయకండి" అనేది.

ఇంటర్‌లో ఉండగా ఎక్కడో చదివాను, అలా బరువు పెడితే గాళ్ళు అరిగిపోతాయని. ఆ సాయంత్రం నాన్న అంటించిన పావలాని పాట మధ్యలో పీకేశాను. "నీ రికార్డుల్ని నువ్వే పాడుచేస్తున్నావు నాన్నా" అని గట్టిగా అరిచాను. ఆయన ఏమీ అనలేదు. "పాట ఆగకుండా వినాలి కదమ్మా" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నప్పుడు పావలా పెట్టడం మానేశారు. వంకర రికార్డులు వేయడమే మానేశారు. అప్పుడు నాకది నా గెలుపులా అనిపించింది.

ఇందాక డెనాన్ పట్టిక మళ్ళీ తీసి చదివాను. 5 పక్కన చిన్న అక్షరాల్లో 100 హెర్ట్జ్ అని ఉంది. జపాన్ వాళ్ళు ఎక్కువగా 100 దగ్గర కొలుస్తారు. మన లెక్కకి కావలసింది 10 దగ్గర అంకె. ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వేసుకోవాలని అనుభవం ఉన్నవాళ్ళు చెబుతారు. అంటే 7.5 నుంచి 10. అప్పుడు ఊపు 13 నుంచి 11.2 మధ్య వస్తుంది. 15.9 ఎక్కడ, ఇది ఎక్కడ! పొద్దున అతను పట్టిక ఒక్కసారి చూసి ఉంటే అర నిమిషంలో చెప్పగలిగేవాడు. చాలా పట్టికల్లో ఆ చిన్న అక్షరాలు కూడా ఉండవు. రెండు రకాల కొలతలు ఒకే వరసలో రాసి, పోల్చుకోమని మన ముఖాన పడేస్తారు. వేలు పోసి కొనేవాళ్ళకి చెప్పాల్సిన కనీసపు మాట అది.

ఇంకొంచెం కిందికి దించాలంటే ముందు వైపు బరువు పెంచాలి. రెండున్నర గ్రాములు పెంచితే 12.2 నుంచి 10.6 మధ్యకి వస్తుందని లెక్క కట్టాను. రెండున్నర అని రాయగానే చేయి ఆగిపోయింది. అది పావలా బరువు. డీఎల్-103 ముల్లు రికార్డు మీద మోపాల్సిన బరువు కూడా 2.5 గ్రాములే.

అయితే నాన్న చేసింది సరైనదేనా? వెంటనే అవుననే అనిపించింది, ఫోన్ చేద్దామా అనుకున్నాను. కానీ కాదు. నేనైతే ఆర్మ్ వెనక ఉండే బరువు జరిపి, ముల్లు మీద భారాన్ని మళ్ళీ 2.5కే తెచ్చుకోగలను. ఆ పెట్టె ప్లేయర్‌కి ఆ వీలు లేదు, పావలా బరువంతా గాడి మీదే పడింది. ఆ పద్యాల రికార్డు మొదటి అయిదు నిమిషాలు ఇప్పటికీ బరబరమంటాయి. నేను చెప్పింది అబద్ధం కాదు. చెప్పిన తీరుకి మాత్రం ఇవాళ బాధగా ఉంది.

డీఎల్-103నే తెప్పిస్తాను, వేరే చోటనుంచి. 1962లో జపాన్ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. రేడియో ప్రసారాల కోసం మొదలైనది, ఇప్పటికీ తయారవుతోంది. దాని సిగ్నల్ 0.3 మిల్లీవోల్టులే, బ్లూది 5.5. ముల్లు సిగ్నల్‌ని పెంచే మా ఫోనో ఆంప్‌లో ఇలాంటి చిన్న సిగ్నళ్ళ కోసం ఎం.సి. స్విచ్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఈ ఆర్మ్ గొట్టం, కార్ట్రిడ్జ్ బిగించే తల ఒకే మెగ్నీషియం పోత, బరువైన తల మార్చే దారి లేదు. బరువు కావాలంటే తలకీ కార్ట్రిడ్జ్‌కీ మధ్యలో రేకు బిళ్ళ పెట్టాలి. ముందు ఏమీ పెట్టకుండానే విని చూస్తాను.

కుంకుమ భరిణెలో పాత చిల్లర ఉంటే ఒక పావలా తీసి, ముల్లు బరువు చూసే కాటా మీద పెట్టాను. 2.46 వచ్చింది. కాస్త అరిగినట్టుంది. పొద్దున్నే నాన్నకి ఫోన్ చేయాలి. మెతుకు వేడిగా ఉండగానే అంటించేవారో, చల్లారాకో అడగాలి. నాకు గుర్తు రావడం లేదు.