ఆదివారం, సాలూరు ఘాట్ దాకా

ఐదున్నరకే మెలకువ వచ్చేసింది. కొత్త బండి వచ్చి మూడు వారాలైనా పొద్దున్నే బాల్కనీలోంచి ఒకసారి చూసుకోనిదే నాకు తోచడం లేదు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ కారు, ఆరు గేర్ల మాన్యువల్. 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 150 హార్స్‌పవర్. మా ఇంట్లోకి ఇంత బలమైన బండి ఎప్పుడూ రాలేదు. మా విజయనగరం పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన రోజు నుంచీ నాకు ఒకటే టెన్షన్, రన్నింగ్ ఇన్, అంటే కొత్త ఇంజన్ లోపలి భాగాలు ఒకదానికొకటి సర్దుకునేలా మొదట్లో నడపడం, సరిగ్గా అవుతుందా లేదా అని.

నిన్నటి వరకూ సరిగ్గానే చేస్తున్నాననుకున్నాను. నాలుగుసార్లు విశాఖ వెళ్లొచ్చాను. ప్రతిసారీ హైవే ఎక్కగానే ఆరో గేరు వేసి, 80 దగ్గర పెట్టి, కాలు కదపకుండా నడిపాను. ఈ మాటే నిన్న రాత్రి మావయ్యతో గొప్పగా చెప్పాను. మావయ్య సాలూరు లారీల మీద ముప్పై ఏళ్లు రాయపూర్ లైన్ తోలిన మనిషి.

"ఏటల్లుడూ, ఆరొందల కిలోమీటర్లూ ఇలగే తోలీసినావా?" అన్నాడు.

ఎడమ అరచేయి చాపి, దాని మీద గోరుతో ఏటవాలుగా నాలుగు గీతలు, వాటికి అడ్డంగా ఇంకో నాలుగు గీతలు గీశాడు. సిలిండర్ లోపలి గోడ ఇలాగే ఉంటుందట. ఫ్యాక్టరీలో కావాలనే అలా గీస్తారు. ఆ సన్నని గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, వాటి మీదే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు రాసుకుని రాసుకుని గోడకు అతికినట్టు కూర్చుంటాయి. రింగును గోడకు అదిమేది పెట్రోల్ మండినప్పుడు పుట్టే ఒత్తిడి. ఇంజన్ మీద బరువు పడకపోతే ఆ ఒత్తిడి చాలదు. రింగులు కూర్చునేలోపే గోడ అద్దంలా నునుపెక్కిపోతే ఇక ఆ ఇంజన్ ఆయిల్ తాగుతూనే ఉంటుంది. అలాగని మొదటి రోజు నుంచే అడుగంటా తొక్కితే, ఇంకా బిగువు వదలని భాగాలు వేడెక్కి చెడిపోతాయి.

రాత్రి పదకొండింటికి బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం తీశాను. అందులోనూ మొదటి 1000 కిలోమీటర్లు పూర్తిగా తొక్కొద్దని, 1500 దాకా మెల్లమెల్లగా పెంచుకోవాలనీ ఉంది. వద్దన్నవి మాత్రమే గుర్తుపెట్టుకుని మిగతాది వదిలేశాను నేను.

అందుకే ఈరోజు మావయ్యను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఓడోమీటర్ 604. స్టార్ట్ చేసి నిలబెట్టి వేడి చేయలేదు. ఊళ్లో మూడు లాంతర్ల దగ్గర నుంచి గజపతినగరం దాకా 2500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాటకుండా మెల్లగానే వెళ్లాను. నీళ్ల టెంపరేచర్ సరిపడా చూపించినా ఆయిల్ వేడెక్కడానికి ఇంకాస్త సమయం పడుతుంది. రామభద్రపురం దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. కాలి కింద 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉందని తెలిసీ తొక్కకుండా ఉండటం ఎంత కష్టమో! అరికాలు దురద పెట్టినట్టే ఉంది.

సాలూరు దాటి ఒడిశా వైపు కొండ ఎక్కడం మొదలయ్యాక అసలు పని మొదలైంది. మూడో గేరులో 2000 నుంచి సగానికి కాస్త ఎక్కువ యాక్సిలరేటర్ ఇచ్చి 4000 దాకా తీసుకెళ్లడం, అక్కడ కాలు తీసేసి గేరులోనే బండిని తనంతట తాను తగ్గనివ్వడం. మళ్లీ అదే. మావయ్య కళ్లు మూసుకుని వింటున్నాడు. నేను ఒక మలుపులో నాలుగో గేరు తొందరగా వేసేసరికి ఇంజన్ గొంతు బరువెక్కింది. కళ్లు తెరవకుండానే "మూడు ఎయ్యి, మూడు" అన్నాడు. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరు వేసి ఈడ్పించడం ఎక్కువ తొక్కడమంత చెడ్డదట.

పి.కోనవలస ఘాట్‌లో రోడ్డు వారగా ఆపి టీ తాగాం. ఆపే ముందు ఓ నిమిషం ఐడిల్‌లో ఉంచాను, కొండ ఎక్కిన టర్బో కాస్త చల్లారాలి కదా. మావయ్య కింద మలుపుల్లో పాకుతున్న లారీలను చూస్తూ, కొత్త అంబాసిడర్ల వెనక అద్దం మీద 'రన్నింగ్ ఇన్' అని కాగితం అంటించుకునే రోజుల గురించి చెప్పాడు. ఆ కాగితం ఉన్న బండికి వెనక హారన్ కొట్టేవాళ్లు కాదట. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది.

దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరు. బ్రేకు తక్కువ, ఇంజన్ పట్టు ఎక్కువ. సాలూరులో భోజనం.

ఇంటికి వచ్చేసరికి నాలుగు. ఓడోమీటర్ 761. సమంగా ఉన్న చోట ఆపి, పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ లాగాను. పాత బనియన్ గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీశాను. ఆయిల్ పోయిన ఆదివారం ఉన్న గీత దగ్గరే ఉంది, వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. రంగు మాత్రం తేనె రంగు నుంచి కాస్త ముదిరింది. మావయ్య డిప్‌స్టిక్ అందుకుని, కొసన ఉన్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసుకున్నాడు. ఇసుక తగిలినట్టు లేదన్నాడు. ఇంకోసారి రాసి, వేళ్లు లుంగీకి తుడుచుకుని, "వచ్చే ఆదివారం మళ్లీ ఎల్దాం, ఈసారి తెల్లారకముందే" అన్నాడు.

761 అని డైరీలో రాసుకున్నాను. పదిహేను వందలకు ఇంకా 739.