మినుకుమనే డ్యాష్‌బోర్డు దీపాలు: లోపం దొరికిన తీరు

రాత్రివేళ హెడ్‌లైట్లు వేసి, ఏసీ బ్లోయర్ వేగం పెంచినప్పుడల్లా నా కారు డ్యాష్‌బోర్డు దీపాలు మినుకుమినుకుమనేవి. కారును గోడకు ఎదురుగా నిలిపి చూస్తే, గోడ మీద పడే హెడ్‌లైట్ల వెలుగు కూడా సరిగ్గా అదే సమయంలో తగ్గి పెరుగుతోందని తెలిసింది. ఈ ఒక్క గమనికతో వెతకవలసిన చోటు చాలా కుదించుకుపోయింది. మీటర్ల వెలుగు ఒక్కటే చలిస్తే డిమ్మర్ నాబ్‌నో, మీటర్ల వెనక ఉండే కనెక్టర్‌నో అనుమానించాలి. దీపాలన్నీ కలిసి చలిస్తున్నాయంటే వాటన్నింటికీ ఉమ్మడిగా ఉండే భాగాలను, అంటే బ్యాటరీని, ఇంజన్‌తోపాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను, వాటిని బాడీతో కలిపే లావు వైర్లను చూడాలి.

కారును చూసిన మెకానిక్, ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయి ఉంటుందని, దాన్ని మార్చేయడమే మేలని చెప్పారు. అది ఆధారం లేని అనుమానం కాదు. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఏసీ కరెంటు, అంటే దిశ మారుతూ పారే కరెంటు. దాన్ని డయోడ్లు ఒకే దిశలో పారే డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతాయి. వాటిలో ఒకటి పాడైతే మారకుండా మిగిలిన ఏసీ అలలు దీపాల దాకా వచ్చి వాటిని అదిరిస్తాయి. అయినా, అంత ఖరీదైన భాగాన్ని కొలిచి చూడకుండా మార్చడానికి నాకు మనసొప్పలేదు. ఒక డిజిటల్ మల్టీమీటర్ ఉంటే ఇంటి దగ్గరే తేల్చుకోగలిగిన విషయం ఇది.

బ్యాటరీ టెర్మినళ్లు బిగువుగా, శుభ్రంగా ఉన్నాయి. ఇంజన్ ఆపి కొంతసేపు వదిలేశాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీకి ఉండవలసిన కొలత అదే. ఇంజన్ నడుస్తుండగా 14.2 వోల్టుల దగ్గర కదలకుండా నిలిచింది. మీటరును ఏసీ కొలతకు మార్చి అవే టెర్మినళ్ల మీద పెడితే, అర వోల్టు దాటితే అనుమానించవలసిన చోట అందులో పదో వంతు కూడా కనిపించలేదు. ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు కూడా జారడం లేదు. ఇక మిగిలిన సందేహాన్ని మీటరు అవసరం లేని పరీక్షతో తీర్చుకున్నాను. ఇంజన్ ఆపి, తాళాన్ని ఆన్‌లోనే ఉంచి, హెడ్‌లైట్లూ బ్లోయరూ వేశాను. అప్పుడూ దీపాలు మినుకుమంటూనే ఉన్నాయి. తలుపు కాస్త గట్టిగా వేస్తే ఒక్కసారి మసకబారి తేరుకున్నాయి. తిరగని ఆల్టర్నేటర్ దీపాలను ఊగించజాలదు కాబట్టి ఆ అనుమానం అక్కడితో పోయింది.

బ్యాటరీ దగ్గర వోల్టేజీ నిలకడగా ఉండి దీపాల దగ్గర ఊగుతోందంటే, మధ్య దారిలో ఎక్కడో అది పోతోందన్నమాట. కారులో దీపాల నుంచి కరెంటు తిరిగి వెళ్లే దారి చాలావరకు బాడీ ఇనుమే. నా కారులో బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక లావు కేబుల్ గేర్‌బాక్సుకు, అంతకంటే సన్నని ఎర్త్ వైరు బాడీకి వెళ్తాయి. దీపాలు, బ్లోయర్ వాడుకునే కరెంటు ఆ సన్న వైరు మీదుగానే వెనక్కి రావాలి. సెల్ఫ్ కరెంటు గేర్‌బాక్సుకు వెళ్లే లావు కేబుల్ మీదుగా తిరిగి వస్తుంది. అది ఎప్పటిలాగే చురుగ్గా అందుకుంటూ ఉండగా దీపాలు మాత్రమే ఎందుకు బాధపడుతున్నాయో దీనితో అర్థమైంది.

ఇక్కడ చాలామంది మీటరును ఓమ్స్‌లో, అంటే నిరోధం కొలిచే అమరికలో పెట్టి ఆ వైరును పరీక్షిస్తారు. ఆ కొలతను నమ్మరాదు. ఆ దారిలో 0.03 ఓమ్ అడ్డంకి ఉన్నా, ముప్పై ఆంపియర్లు పారేటప్పుడు దాదాపు ఒక వోల్టు అక్కడే పోతుంది. సాధారణ మల్టీమీటర్ తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ గనుక ఓమ్స్ కొలతలో ఆ లోపం దాగిపోతుంది. అందుకే కరెంటు పారుతుండగానే కొలవాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ స్తంభం మీద, రెండో మొనను బాడీలో రంగులేని ఒక బోల్టు మీద పెట్టాను. 0.2 వోల్టుల లోపు ఉండవలసింది 0.9 చూపింది. ఎర్త్ వైరును చేత్తో కదిపితే ఆ అంకె ఎగిరిపడింది, దానితోపాటే దీపాలూ!

బ్యాటరీ నెగెటివ్‌ను విడదీసిన తరువాత ఎర్త్ బోల్టును ఊడదీశాను. రింగు కింద తుప్పు పట్టి ఉంది; రింగు మెడ దగ్గర తొడుగు లోపల రాగి పోగులు కొన్ని ఆకుపచ్చగా మారి తెగిపోయాయి. చెడిన మేర వైరును కోసి కొత్త రింగును నొక్కించాను. బాడీ మీద రింగు ఆనే చోటును లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించాను. తేమ చేరకుండా పెట్రోలియం జెల్లీని బిగించిన తరువాతే పైన పూశాను.

అన్ని దీపాలూ వేసి మళ్లీ కొలిస్తే 0.05 వోల్టులు మాత్రమే వచ్చింది, వైరును కదిపినా మారలేదు. గేర్‌బాక్సుకు వెళ్లే కేబుల్‌ను కూడా, సెల్ఫ్ కొట్టే క్షణంలో బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజన్‌కూ మధ్య ఇదే పద్ధతిలో కొలిచాను. అది 0.15 వోల్టులే చూపడంతో దాన్ని విప్పలేదు.