'రిక్వైర్స్' ఉంటే సరిపోదు, 'ఆఫ్టర్' కూడా ఉండాలి

సర్వర్‌ను రీబూట్ చేసినప్పుడల్లా నేను రాసిన ఒక చిన్న సర్వీసు (తెర వెనుక నడిచే ప్రోగ్రామ్) డేటాబేస్ దొరకలేదంటూ ఆగిపోయేది; చేత్తో మళ్ళీ స్టార్ట్ చేస్తే మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడిచేది. దాన్ని ఎలా నడపాలో చెప్పే యూనిట్ ఫైలు తెరిచి చూస్తే అందులో 'రిక్వైర్స్' వరుస ఉంది, 'ఆఫ్టర్' లేదు. లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీలో ఈ రెండూ వేర్వేరు విషయాలు: ఫలానా సర్వీసు కూడా కావాలని మొదటిది చెబుతుంది, ఏది ముందు ఏది వెనుక అన్నది రెండోది తేలుస్తుంది, కనుక 'ఆఫ్టర్' లేనప్పుడు రెండు సర్వీసులూ ఒకేసారి మొదలవుతాయి. ఆ వరుస చేర్చి, మార్చిన ఫైలును సిస్టమ్‌డీ మళ్ళీ చదివేలా 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్' ఆదేశం ఇచ్చాక, తర్వాతి రీబూట్‌లో సర్వీసు సక్రమంగా లేచింది.

ఒక సర్వీసుకు ఏవేవి కావాలో 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-డిపెండెన్సీస్' చెట్టులా చూపుతుంది. దానికి '--రివర్స్' జోడిస్తే, ఆ సర్వీసు మీద ఏవి ఆధారపడి ఉన్నాయో కనిపిస్తుంది. దేన్నైనా ఆపబోయే ముందు ఈ జాబితా చూసి తీరాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే 'రిక్వైర్స్'తో ముడిపడినవన్నీ దానితోపాటే ఆగిపోతాయి. 'రిక్వైర్స్' కంటే వదులైన 'వాంట్స్'తో ముడిపడినవి ఆగవు.

బూట్‌లో సర్వీసు దానంతటదే మొదలయ్యేలా చేసే 'ఎనేబుల్' ఆదేశం తర్వాతి బూట్‌ నుంచే వర్తిస్తుంది, వెంటనే కూడా మొదలవ్వాలంటే '--నౌ' చేర్చాలి. 'డిసేబుల్' చేసిన సర్వీసును మరొక సర్వీసు అవసరంకొద్దీ లేపగలదు. అలా జరగకూడదంటే 'మాస్క్' చేయాలి.